తంతి తపస్వి ఎమీల్ బోదో

మహనీయుల పేర్లు కొన్ని శిలావిగ్రహాల మీద నిలుస్తాయి. కొన్ని వీధుల పేర్లుగా నిలుస్తాయి. మరికొన్ని కొలతలలో కలిసిపోయి, మనం నిత్యం పలుకుతున్నా వాటి వెనుక ఒక మనిషి ఉన్నాడన్న సంగతే స్ఫురించకుండా నిలుస్తాయి. వోల్టు అన్నప్పుడు వోల్టా, ఆంపియరు అన్నప్పుడు ఆంపేర్, వాటు అన్నప్పుడు జేమ్స్ వాట్ మనకు గుర్తుకు రావడం అరుదు. కంప్యూటరు విద్యార్థులు పరీక్షల కోసం కంఠస్థం చేసే బాడ్ అన్న మాట కూడా అటువంటిదే. సంకేతాలు ప్రసారమయ్యే వేగానికి అది కొలత. ఆ కొలతకు పేరిచ్చిన ఫ్రెంచి తంతి ఉద్యోగి ఎమీల్ బోదో జీవితాన్ని పాఠకులకు పరిచయం చేయడం ఈ వ్యాసంలో మా ఉద్దేశం.

ఈ పరిచయానికి మమ్మల్ని పురికొల్పింది పాండిత్యం కాదు, మా సొంత పొరపాటు. కనుక ముందుగా దానినే విన్నవించుకుంటాము.

పదితో మొదలై పదితో ముగిసిన లెక్క

కృష్ణాతీరాన భవానీపురంలో చదువుకుంటున్న మేము కొందరం ఒకనాడు సి భాషలో ఒక చిన్న ప్రోగ్రాం వ్రాశాము. పది నుండి ఒకటి వరకు అంకెలు తెర మీద ఒకే చోట, క్షణానికి ఒకటి చొప్పున మారుతూ కనిపించాలి. ఒకదాని క్రింద ఒకటి పేరుకుపోకూడదు. అందుకు పంక్తి మొదటికి తిరిగి వెళ్ళమని చెప్పే సంకేతం, అనగా బ్యాక్‌స్లాష్ ఆర్, ప్రతి అంకెకు ముందు ఉంచాము. ప్రోగ్రాం నడిపితే పది క్షణాలపాటు తెర మీద ఏమీ కనబడలేదు. వ్రాసినదంతా తాత్కాలిక నిల్వలో ఆగిపోయిందనీ, పంక్తి ముగిస్తే గాని అది తనంతట తాను బయటికి రాదనీ, ఎఫ్‌ఫ్లష్ అనే ఆదేశంతో ప్రతిసారీ దానిని వెలికి నెట్టాలనీ మా అధ్యాపకులు తెలియజెప్పారు.

అలాగే చేశాము. పది కనిపించింది. తరువాత తొమ్మిది రావలసిన చోట తొంభై వచ్చింది. ఆ తరువాత ఎనభై, డెబ్బై. చివరికి ఒకటి రావలసిన చోట మళ్ళీ పది! పదితో మొదలైన లెక్క పదితోనే ముగియగా ప్రయోగశాల అంతా నవ్వులతో నిండింది.

కారణం సులభమే. పంక్తి మొదటికి తిరిగి వెళ్ళడం వేరు, ఉన్నదానిని తుడిచివేయడం వేరు. మేము పంపిన సంకేతం మొదటి పనిని మాత్రమే చేస్తుంది. పదిలోని ఒకటి మీద తొమ్మిది వచ్చి కూర్చున్నది. దాని ప్రక్కనున్న సున్నాను ఎవరూ కదల్చలేదు. మరి తుడవని ఈ సంకేతాన్ని ఎవరు, ఎందుకు కల్పించారు? ఆ ప్రశ్న వెంట వెనుకకు నడిచిన మేము తెరలను దాటి, టైపు యంత్రాలను దాటి, తంతి తీగల దగ్గరకు చేరుకున్నాము. అక్కడ ఒక రైతుబిడ్డ కనిపించాడు.

బాల్యము, ఉద్యోగ ప్రవేశము

ఎమీల్ బోదో 1845 సెప్టెంబరు 11న ఫ్రాన్సు దేశంలోని ఓత్ మార్న్ మండలంలో, మాన్యో అనే చిన్న పల్లెలో జన్మించారు. తండ్రి వ్యవసాయదారుడు. బోదో బడిచదువు గ్రామంలోని ప్రాథమిక పాఠశాలతోనే ముగిసింది. కళాశాల గడప ఆయన ఎన్నడూ త్రొక్కలేదు. యౌవనం వచ్చేవరకు తండ్రి పొలంలోనే పనిచేశారు. ఇరవైనాలుగవ ఏట, 1869లో, ప్రభుత్వ తంతి శాఖలో శిక్షణార్థిగా చేరారు. చిన్న ఉద్యోగం, చిన్న జీతం. శాఖవారు ఆయనను పారిస్ నగరానికి పంపి, హ్యూస్ యంత్రం నడపడంలో కొద్ది నెలలు తరిఫీదు ఇప్పించారు.

ఈ హ్యూస్ యంత్రాన్ని గురించి కొంత చెప్పక తప్పదు. దానిని డేవిడ్ హ్యూస్ 1855లో వెలుగులోకి తెచ్చారు. మన కృష్ణానదికి విజయవాడ వద్ద తొలి ఆనకట్ట పూర్తి అయినది కూడా ఆ సంవత్సరమే. పియానో మెట్ల వంటి ఇరవైయెనిమిది మెట్లు, అక్షరాలు చెక్కిన ఒక చక్రం, ఇవి ఆ యంత్రంలోని ముఖ్యాంగాలు. రెండు ఊళ్ళలోని చక్రాలు ఒకే వేగంతో తిరుగుతూ ఉంటాయి. కావలసిన అక్షరం కాగితం ఎదుటికి వచ్చిన క్షణంలో తీగ మీద ఒక్క విద్యుత్ స్పందన వెళ్తుంది, అక్షరం అచ్చుపడుతుంది. మోర్స్ చుక్కలను, గీతలను చదవనేర్చిన చెవి అక్కరలేకుండా సందేశం అక్షరరూపంలోనే చేతికి వచ్చేది.

1870లో ఫ్రాన్సుకు, ప్రష్యాకు యుద్ధం సంభవించింది. బోదో కొంతకాలం సైనిక సేవలో ఉండి, 1872 నాటికి పారిస్‌లోని తన బల్ల వద్దకు తిరిగివచ్చారు.

ఖాళీగా ఉన్న తీగ

వేలాదిమంది ఉద్యోగులు నిత్యం చూస్తూ గమనించని ఒక సంగతిని బోదో గమనించారు. హ్యూస్ యంత్రంలో చక్రం తిరిగినంతసేపూ తీగ ఆ యంత్రానికే కట్టుబడి ఉంటుంది. కాని దాని మీద విద్యుత్తు ప్రవహించేది రెప్పపాటు మాత్రమే. మిగిలిన కాలమంతా ఎంతో వ్యయంతో ఊరూరా స్తంభాలు నాటి లాగిన తీగ ఊరికే పడి ఉంటుంది.

మా డెల్టా ప్రాంతపు పాఠకులకు దీనిని వివరించడం కష్టం కాదు. నీరు కొరతగా ఉన్న ఏటిలో బందరు కాలువ, ఏలూరు కాలువల చివరి భూములకు వంతులవారీగా నీరు వదలడం మనకు తెలుసు. కాలువ ఒక్కటే, రైతులు అనేకులు. ఎవరి వంతు వచ్చినప్పుడు వారి తూము తెరుచుకుంటుంది. బోదో ఆలోచన సరిగ్గా ఇదే. ఒకే తీగను నలుగురైదుగురు ఉద్యోగులకు వంతులవారీగా పంచాలి. ఆ వంతులు ఎంత త్వరితంగా తిరగాలంటే, ప్రతి ఒక్కరికీ తీగ తన ఒక్కడిదే అన్నట్లు తోచాలి.

అందుకు ఆయన ఒక పంపక యంత్రాన్ని నిర్మించారు. గుండ్రని పలకను భాగాలుగా విభజించి, దాని మీద ఒక లోహపు కుంచె తిరిగే ఏర్పాటు చేశారు. ఒక్కొక్క భాగం ఒక్కొక్క ఉద్యోగిది. రెండవ ఊరిలోనూ అటువంటి పలకే, అటువంటి కుంచే. రెండు కుంచెలు ఏకకాలంలో ఒకే స్థానంలో ఉండాలి. తేడా వచ్చిందా, ఒకరి సందేశం మరొకరి కాగితం మీద పడుతుంది.

కేవలం వంతులు ఉంటే చాలదు. వంతులో పట్టే అక్షరం కూడా కావాలి. మోర్స్ సంకేతంలో కొన్ని అక్షరాలు పొట్టివి, కొన్ని పొడుగువి. వంతు కాలం మాత్రం అందరికీ సమానం. అందుచేత బోదో ప్రతి అక్షరాన్నీ సరిగ్గా ఐదు అంశాలుగా కూర్చారు. ఒక్కొక్క అంశం ఉన్నదో లేదో అన్న రెండు స్థితులలో ఒకదానిలో ఉంటుంది. ఐదు అంశాలకు ముప్పదిరెండు కలయికలు ఏర్పడతాయి. ఇంగ్లీషు, ఫ్రెంచి అక్షరాలకు అవి సరిపోతాయి. అంకెలకు, విరామ చిహ్నాలకు చోటు చాలదు గనుక, అక్షరాల నుండి అంకెలకు, అంకెల నుండి అక్షరాలకు మారమని చెప్పే సంకేతాలను ఏర్పరచారు. అచ్చుపడకుండా యంత్రానికి ఆజ్ఞ మాత్రమే ఇచ్చే ఇటువంటి సంకేతాల జాతికే మా బ్యాక్‌స్లాష్ ఆర్ కూడా చెందుతుంది.

ఈ త్వరిత తంతి పద్ధతికి 1874లో ఆయన పేటెంటు పొందారు. తంతి శాఖవారు మరుసటి సంవత్సరం దానిని స్వీకరించారు. 1877 చివరలో పారిస్, బోర్దో నగరాల మధ్య అది వాడుకలోకి వచ్చింది.

దానిని నడపడం మాత్రం సులభసాధ్యం కాదు. ఉద్యోగి ముందు ఐదే మీటలు. ఎడమచేతి వ్రేళ్ళకు రెండు, కుడిచేతి వ్రేళ్ళకు మూడు. అక్షరానికి తగిన కలయికను తాను కంఠస్థం చేసి ఉండాలి. తన వంతు వచ్చినప్పుడు యంత్రం టిక్కుమని శబ్దం చేస్తుంది. ఆ తాళానికి తప్పకుండా మీటలు నొక్కాలి. నిమిషానికి ముప్పై మాటల చొప్పున గంటల తరబడి ఆ లయను నిలుపుకోవడం మృదంగ విద్వాంసుని సాధనకు తీసిపోదు.

కీర్తి, కష్టము

1878లో పారిస్‌లో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో బోదో యంత్రానికి బంగారు పతకం లభించింది. మరుసటి సంవత్సరం ప్రభుత్వం ఆయనను బిరుదుతో సత్కరించింది. ఇక ఆయనకు కష్టాలు తీరినవని పాఠకులు తలంచవచ్చు. అట్లు జరగలేదు. పరిశోధనకు శాఖ నుండి అందిన సహాయం బహు స్వల్పం. పరికరాల ఖర్చు చాలావరకు ఆయనే భరించవలసి వచ్చింది. 1880లో ఆ బంగారు పతకాన్ని ఆయన అమ్ముకున్నారు. ప్రపంచం మెచ్చి ఇచ్చిన పతకాన్ని, అదే పనిని కొనసాగించడం కోసం విక్రయించిన ఆ రోజు ఆయన మనఃస్థితిని మేము ఊహించడానికి సాహసించము. సంఘటనను మాత్రం మరువలేకున్నాము.

అదే కాలంలో న్యాయస్థానపు చిక్కు కూడా ఆయనను చుట్టుకున్నది. లూయి మిమో అనే మరొక ఆవిష్కర్త, ఐదు అంశాల పద్ధతి ముందుగా తనకే తట్టినదని 1877లో దావా వేశారు. తొలి న్యాయస్థానం మిమో పక్షాననే తీర్పు చెప్పి, బోదో కృషి దానికి మెరుగులు దిద్దడం మాత్రమేనన్నది. తరువాత ఆ తీర్పు రద్దయింది, ఖర్చులు మిమో మీదనే పడ్డాయి. దానితో మిమో మనస్సు చెదిరిపోయింది. తన కోరికలను పరిశీలించి తిరస్కరించిన సంఘానికి అధ్యక్షుడైన జూల్ రేనో అనే ఇంజనీరును ఆయన తుపాకితో కాల్చి చంపి, కఠిన శిక్షకు గురయ్యారు.

ఈ ఉదంతాన్ని మేము వింత కోసం పేర్కొనలేదు. ఒకే ఆలోచన ఒకే కాలంలో ఇద్దరికి తట్టడం విజ్ఞాన చరిత్రలో అరుదు కాదు. కాని ఆలోచనను యంత్రంగా మలచి, ఊరికీ ఊరికీ మధ్య నిత్యం నడిచేటట్లు చేయడం వేరొక తపస్సు. బోదో చేసినది ఆ తపస్సే. అయినా, ఓడిన మనిషి దుఃఖాన్ని, బలియైన ఒక అధికారి ప్రాణాన్ని విస్మరించి విజేతను మాత్రమే పొగడడం న్యాయం కాదని మా అభిప్రాయం.

శరీరం కూడా బోదోకు సహకరించలేదు. ఉద్యోగంలో చేరిన కొద్దికాలానికే మొదలైన అనారోగ్యం జీవితాంతం వెంటాడింది. ఒకసారి నెల పొడుగునా పనికి దూరంగా ఉండవలసి వచ్చింది. నలభైనాలుగవ ఏట, 1890 జనవరిలో వివాహం చేసుకున్నారు. మూడు నెలలు తిరగకముందే, ఏప్రిల్‌లో, ఆ ఇల్లాలు కన్నుమూసింది. ఆయన మళ్ళీ యంత్రాల మధ్యకే వెళ్ళారు. 1897లో లండన్, పారిస్ నగరాల మధ్య కూడా ఆయన పద్ధతి ప్రవేశించింది. 1903 మార్చి 28న, పారిస్ సమీపంలోని సో పట్టణంలో, యాభైయేడవ ఏట ఆయన అస్తమించారు. రెండు దశాబ్దాలు గడచిన పిమ్మట అంతర్జాతీయ తంతి నిపుణులు ప్రసార వేగపు కొలతకు ఆయన పేరు పెట్టారు. పతకం అమ్ముకున్న మనిషికి ఎవరూ కొనలేని, అమ్మలేని గౌరవం ఆ విధంగా దక్కింది.

పట్టీ నుండి పంక్తికి

బోదో యంత్రం సన్నని కాగితపు పట్టీ మీద అక్షరాలను అచ్చువేసేది. పట్టీకి ఆది ఉన్నదే గాని అంచు లేదు. అక్షరాలు ఒకదాని వెంట ఒకటి సాగిపోతూనే ఉంటాయి. ఆ పట్టీని ముక్కలుగా కత్తిరించి ఫారం మీద అంటించేవారు. మన పెద్దలలో కొందరు పట్టీలు అంటించిన టెలిగ్రాములను చూసే ఉంటారు. 2013 జూలైలో మన దేశంలో టెలిగ్రాం సేవ ముగిసిపోవడంతో అవి జ్ఞాపకాలలో మాత్రమే మిగిలాయి.

పట్టీ స్థానంలో పుట వచ్చినప్పుడే పంక్తి అన్న సమస్య పుట్టింది. న్యూజిలాండ్‌లో జన్మించిన డొనాల్డ్ మరే అనే పత్రికా రచయిత 1901 ప్రాంతంలో బోదో పద్ధతిని టైపు యంత్రంతో జోడించారు. టైపు ఇన్‌స్టిట్యూటులో లోయర్, హయ్యర్ పరీక్షలకు కూర్చున్నవారికి ఈ సంగతి చేతివ్రేళ్ళకే తెలుసు. పంక్తి చివర గంట మ్రోగగానే మీట పట్టుకొని లాగితే రెండు పనులు జరుగుతాయి. క్యారేజీ మొదటికి వస్తుంది, కాగితం ఒక వరుస పైకి జరుగుతుంది. మరే ఈ రెండు పనులకు రెండు వేర్వేరు సంకేతాలు ఏర్పరచారు. మొదటిది మాత్రమే పంపి రెండవది మరచిపోతే పాత పంక్తి మీదనే కొత్త పంక్తి అచ్చుపడి నల్లని మరకగా మారుతుంది. కావాలని అలా చేసి మాట క్రింద గీత గీయడమూ, అక్షరాన్ని ముదురు చేయడమూ తరువాతివారు అలవాటు చేసుకున్నారు.

పొరపాటును దిద్దే ఉపాయం మరింత మనోహరం. చిల్లుల పట్టీలో ఒకసారి పడిన చిల్లును పూడ్చలేము. కాని మరిన్ని చిల్లులు వేయవచ్చును. తప్పు పడిన చోటికి పట్టీని వెనుకకు జరిపి ఐదు చిల్లులూ వేసేస్తే, యంత్రం దానిని అక్షరంగా భావించక దాటిపోతుంది. ఉన్నచోటనే మీద వ్రాయడమన్న విద్యకు ఇదే తొలిరూపం కావచ్చునని మాకు తోస్తున్నది.

1963లో ఏర్పడిన ఆస్కీ సంకేతావళి ఈ రెండు ఆజ్ఞలనూ నిలుపుకున్నది. క్యారేజీని మరల్చేది పదమూడవ సంఖ్య, వరుసను జరిపేది పదవ సంఖ్య. 1970ల ఆరంభంలో బెల్ ప్రయోగశాలలో డెనిస్ రిచీ సి భాషను రూపొందిస్తున్నప్పుడు వారి ఎదుట ఉన్నవి తెరలు కాదు, క్షణానికి పది అక్షరాలు అచ్చువేసే టెలిటైపు యంత్రాలు. అందుచేతనే సి భాషలో బ్యాక్‌స్లాష్ ఆర్, బ్యాక్‌స్లాష్ ఎన్ వేర్వేరుగా ఉన్నాయి. కాగితం మీద మరక చేసిన సంకేతమే, ఒక గడిలో ఒక్క అక్షరాన్ని మాత్రమే నిలుపుకునే తెర మీద పాతదానిని తొలగించి కొత్తదానిని కూర్చోబెట్టింది. తాకని గళ్ళను మాత్రం యథాతథంగా వదిలివేసింది. మా తొంభై అక్కడి నుండే పుట్టినది.

దిద్దుబాటు

మా ప్రోగ్రాంను మూడు విధాల దిద్దవచ్చునని తెలుసుకున్నాము. ప్రతి అంకెకు ఎల్లప్పుడూ రెండు గళ్ళు కేటాయించడం మొదటిది. కొత్త మాట తరువాత పాతదాని పొడుగుకు తగినన్ని ఖాళీలు వ్రాయడం రెండవది. పంక్తి చివరివరకు తుడిచివేయమనే ఎస్కేప్ సంకేతాన్ని పంపడం మూడవది. ఈ మూడవ పద్ధతి 1978లో వచ్చిన వీటీ 100 వంటి టెర్మినళ్ళతో ప్రచారం పొందింది.

మన భాషల విషయంలో మూడవదే శ్రేయస్కరం. తెలుగు అన్న మాట కంటికి మూడు అక్షరాలు. యూటీఎఫ్ 8 పద్ధతిలో అది పద్దెనిమిది బైట్లు. స్ట్రెన్ లెన్ అనే ఫంక్షను చెప్పిన పొడుగును నమ్మి ఖాళీలు వ్రాస్తే లెక్క తప్పుతుంది. బోదో గారి ముప్పదిరెండు కలయికలలో మన వత్తులకు, గుణింతాలకు చోటు లేదు. నేడు యూనికోడ్‌లో తెలుగుకు నూటయిరవైయెనిమిది స్థానాల గది ఉన్నది. ఇక ఈ సంచికను ఒక ప్రక్క నుండి తెరిస్తే తెలుగు, రెండవ ప్రక్క నుండి తెరిస్తే ఉర్దూ. పంక్తి మొదలు అన్నది ఒకరికి ఎడమ, మరొకరికి కుడి. ఐరోపా వారి తంతి సంకేతాలు తలపెట్టని ఈ చిక్కులను విప్పవలసిన వంతు మన తరానిది.

ముగింపు

బోదో జీవితం నుండి మేము గ్రహించినది ఒక్కటి. ఆయనకు పట్టా లేదు, ధనం లేదు, ఆరోగ్యం లేదు. ఉన్నవి తన బల్ల మీది యంత్రమూ, దానిని తేరిపార చూసే కన్నులూ మాత్రమే. అందరూ పనిచేస్తున్నదని భావించిన తీగ ఖాళీగా ఉన్నదని ఆయన చూశారు. ఇంటిలో తొలిసారిగా కళాశాలకు వచ్చినవారు మాలో ఎందరో ఉన్నారు. ప్రాథమిక పాఠశాలతో ఆగిపోయిన ఆ రైతుబిడ్డ వారికి పరాయివాడు కాడు.

జీవితంలో కూడా మనం ఎన్నోసార్లు పంక్తి మొదటికి తిరిగి వస్తాము. తిరిగి వచ్చినంత మాత్రాన పాత పొరపాటు తొలగిపోదు. దానిని గుర్తించి, గడి గడినీ దిద్దవలసిందే. మా ప్రోగ్రాంలో ఇప్పుడు పది తరువాత తొమ్మిది వస్తున్నది. చివరన ఒకటి మాత్రమే నిలుస్తున్నది. ఆ ఒకటి తెర మీద వెలిగినప్పుడల్లా, తన వంతు కోసం చెవియొగ్గి కూర్చున్న ఆ తంతి తపస్వికి మేము మనసులోనే నమస్కరించుకుంటున్నాము.